గోడెలీవ్ లెక్కకి పట్టిన తొమ్మిది నిమిషాలు

ఫిర్మిన్ మొదట్లో చిన్న మాటే అన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను చేసిన ఘనకార్యమంటూ ఉంటే అది ఒకే ఒక్క ఫోను చెయ్యడమని, అంతకుమించి ఏమీ లేదని అన్నాడు. ఆ వినయం చూసి అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు.

గోడెలీవ్‌ని పాతిపెట్టి వచ్చి గంట కూడా కాలేదు. బెల్జియంలోని కోర్ట్రైక్‌లో చర్చి పక్క హాలులో, ఖననం అయ్యాక నలుగురూ కలిసి తాగే కాఫీ అది. బయట నవంబరు వాన, లోపల తడిసిన కోట్ల వాసన. ఆమె భర్త ఓదిలోన్ గారు బల్ల చివర కూర్చుని చెంచాతో ఖాళీ కప్పు అడుగు గీస్తున్నారు. పొద్దుట్నుంచి ఎవరితోనూ ఒక్క మాట లేదు. ఈ మనిషి ఇలాగే లేచి ఆ ఇంట్లోకి ఒక్కడూ వెళ్ళిపోతే ఏం చేసుకుంటాడోనని పక్కింటి అషీల్‌కి బెంగ. తివాచీల మిల్లులో నలభై ఏళ్ళు పనిచేసి మానేసిన ముసలాయన. అందుకే ఫిర్మిన్‌ని ఆయనే గోకాడు. ఆ కంప్యూటర్ల సంగతి ఎత్తవయ్యా, నీ కోతలు వింటే ఆవిడ నవ్వేది కదా, అని.

నవ్వేది, నిజమే. ఫిర్మిన్‌కీ ఓదిలోన్ గారికీ ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఆమె మంచాన పడ్డాక ఒక్క ఆదివారం కూడా మానకుండా వెళ్ళి కూర్చునేవాడు.

నేను ఫిర్మిన్ కింద పనిచేసేదాన్ని. యూరోపియన్ యూనియన్ వాళ్ళు డబ్బిచ్చిన మూడేళ్ళ ప్రాజెక్టు మాది. పన్నెండు దేశాల్లో ఎవరూ వాడకుండా పడున్న కంప్యూటర్లన్నిటినీ కలిపి ఒకే పెద్ద యంత్రంలా పని చేయించడం. గ్రిడ్ అనేవాళ్ళం. మిల్లులకీ రేవులకీ ఆసుపత్రులకీ అది పనికొస్తుందని చూపించాలి. గోడెలీవ్‌కి కంటి వెనక గడ్డ. కిరణాల్ని ఏ వైపు నుంచి ఎంత పంపితే గడ్డ కాలి కన్ను మిగులుతుందో ముందు లెక్క కట్టాలి. ఆసుపత్రి యంత్రం ఆ లెక్క మొయ్యలేదు, మోయగల పెద్ద యంత్రాలున్న చోట వారాల తరబడి వరసలో ఆగాలి. జనవరిలో మేం దాన్ని నలభై నిమిషాల్లో చేసిచ్చాం.

ఫిర్మిన్ తొమ్మిది నిమిషాలన్నాడు.

సాయంత్రం అయిదింటికి లెక్క మొదలైందట. సగంలో ఉండగా పోలండులో క్రాకోవ్ యంత్రం మూలిగి పడిపోయిందట. "నేనే ఫోను చేశాను. అవతల కాపలా ముసలాడు. నాకు పోలిష్ రాదు, అతనికి పోలిష్ తప్ప రాదు. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టమని ఏ భాషలో చెప్పను? దగ్గాను. రెండు పొడుగు దగ్గులు, ఒక పొట్టి దగ్గు. వెంటనే వెళ్ళి పీకి పెట్టాడు. కావాలంటే వేర్లెని అడగండి, పక్కనే ఉంది."

అందరూ నా వైపు తిరిగారు. ఫోను వరకు నిజమేనన్నాను. ఎవరో ముక్కుతో నవ్వారు.

ఇక అక్కణ్ణుంచి అతన్ని పట్టే దిక్కు లేకపోయింది. క్రాకోవ్ లేచేలోపు లిస్బన్ వాళ్ళు కునుకు తీశారట, ఏథెన్సులో సమ్మె అట, అక్కడి కంప్యూటర్లు కూడా మనుషులతో పాటు జెండా పట్టుకుని వీధిలో కూర్చున్నాయట. లెక్క చూస్తే మధ్యలో ఉంది, ఆసుపత్రిలో డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు తనేం చేశాడు? మొహం మీద నీళ్ళు చల్లుకుని, బుర్ర ఉన్న యంత్రం ఈ చుట్టుపక్కల ఎక్కడుందా అని ఆలోచించాడట. సందు చివర బేకరీలో రొట్టె ముక్కలు కోసే యంత్రం ఉంది, దాన్ని కలిపాడు. అది పనిచేసింది కానీ జవాబులన్నీ పలచటి ముక్కలుగా వచ్చాయట. చాలలేదు. అప్పుడు గుర్తొచ్చాయి, పొలాల్లో ఆవుల్ని పితికే రోబోలు. ఆరువందల ఆవులు, వంద రోబోలు, ఒక్కో రోబోకి ఒక బుర్ర. పాలకి బదులు అంకెలు పితికించాడట.

"ఆవులు ఒప్పుకున్నాయా?" అన్నాడు అషీల్.

"ఒకటే మొరాయించింది. సరిహద్దు దాటొచ్చిన డచ్చి ఆవు. ఈ లెక్క నా దేశంది కాదంది. యూరప్ జెండా చూపించాను, నక్షత్రాలు ఎంచుకుంటూ నిలబడిపోయింది, ఆ సందులో పితికేశాం."

చెంచా గీకుడు ఆగింది. నేను ఓదిలోన్ గారి వైపే చూస్తున్నాను, అషీల్ కూడా అటే చూస్తున్నాడు. ఫిర్మిన్ చూడనట్టే చూసి గొంతు పెంచాడు.

ఆ మీదట ఏమైందో ఎవరూ ఊహించలేరట. బ్రస్సెల్స్‌లో ట్రాఫిక్ దీపాల బుర్రలన్నీ అరువు తీసుకుంటే ఊరంతా ఆకుపచ్చ లైట్లే వెలిగాయి, తొమ్మిది నిమిషాలూ ఒక్క కారూ గుద్దుకోలేదు, ఎందుకంటే గుద్దుకునే హోదా ఉన్న అధికార్లంతా ఏదో విందులో ఉన్నారు. ఓస్టెండ్ నుంచి బయల్దేరిన ఓడ తన బుర్ర ఇచ్చేసి నడిసముద్రంలో నిలబడిపోయింది, కెప్టెను తెడ్డు అందుకున్నాడు. ఫిన్లండులో ఆవిరి స్నానాల గదులు చల్లబడిపోయాయి, జనం బట్టల్లేకుండా మంచులో నిలబడి "కానివ్వండి, ఎవరో ఆడమనిషి కన్ను కోసమట" అని ఓర్చుకున్నారు. ఇంకా కొంచెం లెక్క మిగిలింది. మన ఊరి బురుజు మీద గంటలున్నాయి కదా, చిన్నవాటికి ఒకట్లు అప్పజెప్పాడు, నడిమివాటికి పదులు, పెద్దగంటకి వందలు. ఊరంతా ఏదో పాట అనుకుని కిటికీలు తీసింది. అది గోడెలీవ్ కన్ను. చివరి అంకె పెద్దగంట మీద పడేసరికి ఉత్తర సముద్రం పోటెత్తడం మానేసి విన్నదట. సూర్యుణ్ణి కూడా కలిపేవాడే కానీ జనవరి కదా, అప్పటికే ఇంటికెళ్ళిపోయాడట.

ఓదిలోన్ గారి నోరు ఒక పక్కకి వంగింది. నవ్వు అనలేను, నవ్వు ఉండే చోటు అది. అషీల్ నా మోచేతిని పొడిచాడు, చూశావా అన్నట్టు.

అక్కడ ఆపి ఉండాల్సింది. ఎక్కినవాడికి దిగే దారి కనపడలేదో, లేక ఆ వంగిన నోటిని పూర్తిగా నవ్వించకుండా వదలబుద్ధి కాలేదో.

"ఆ యంత్రాలన్నీ ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాయి ఓదిలోన్," అన్నాడు. "గోడెలీవ్ పేరు చెబితే చాలు, పన్నెండు దేశాలూ లేచి నిలబడతాయి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. తొమ్మిదే నిమిషాలు."

ఓదిలోన్ గారు చెంచా సాసరులో పెట్టారు.

"రెండోసారి కావాల్సొచ్చింది కదా ఫిర్మిన్," అన్నారు.

ఆయన గొంతు మామూలుగానే ఉంది. వానాకాలం గురించి చెబుతున్నట్టు చెప్పుకుపోయారు. గడ్డ కరిగి పక్కకి జరిగిందని, లెక్క మళ్ళీ కట్టాలని, మార్చి ముప్ఫై ఒకటిన డాక్టరు మా ఆఫీసుకి మెయిలు పంపాడని. మీ గడువు ఇవాళ్టితో అయిపోతుందని తెలుసు, ఒక రోగి ఉన్నారు, ఇంకో మూడు రోజులు ఉంచగలరా అని. జవాబు రాలేదు. ఆ సాయంత్రమే గ్రిడ్ ఆగిపోయింది. ఇంకో ఊళ్ళో పెద్ద యంత్రం మీద వరస దొరికేసరికి ఆరు వారాలు.

"ఆ ఆరు వారాలు లేకపోతే బతికేదా అని డాక్టర్ని నేను అడగలేదు. అడగను. అది ఎవరు ఆపారో మాత్రం తెలుసుకోవాలనుంది. నువ్వు ప్రతి ఆదివారం వచ్చేవాడివి. ఆవిడ ఉండగా అడగలేకపోయాను."

అషీల్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. ఫిర్మిన్ నా వైపు తిరగలేదు. తిరగకుండా ఉండటానికి మెడ బిగబట్టుకోవడం నాకు కనిపించింది.

"నేనే," అన్నాడు.

"మెయిలు చూశావా?"

"చూశాను. చూసే ఆపాను."

ఫిర్మిన్ ఇంత పొట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

ఆ మార్చి ముప్ఫై ఒకటిన ఫిర్మిన్ ఊళ్ళోనే లేడు. తర్వాతి ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని బ్రస్సెల్స్‌లో ఉన్నాడు. మెయిలు నాలుగింటికి వచ్చింది, చదివింది నేను. అందులో పేరు లేదు, ఒక రోగి అనే ఉంది. ముగింపు నివేదికలో ఆపిన తేదీ వెయ్యాలి, ముప్ఫై ఒకటి దాటితే ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలో తెలీదు, అతనికి ఫోను చేస్తే విసుక్కుంటాడేమోనని చెయ్యలేదు. మూడు రోజులు ఎక్కువ నడిపితే అడిగేవాడెవడూ లేడు. అది నాకు అప్పుడూ తెలుసు. అయిదున్నరకి ఒక్కో దేశం పేరూ కొట్టి, ఒక్కోదాన్నీ ఆపుకుంటూ పోయాను. పన్నెండోది ఆపాక కిటికీ మూసి ఇంటికెళ్ళాను. రెండు రోజులకి ఫిర్మిన్ తిరిగొచ్చి మెయిలు చూశాడు. అప్పటికే తొమ్మిది దేశాలు తమ యంత్రాల్ని వేరే పనులకి ఇచ్చేశాయి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కో దేశానికీ ఫోను చేసి బతిమాలాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

"ఇంక ఇంటికి రాకు ఫిర్మిన్," అన్నారు ఓదిలోన్ గారు.

ఫిర్మిన్ లేచాడు. కోటు చెయ్యి ఎక్కడుందో ఒక పట్టాన దొరకలేదు. అషీల్ సాయం చెయ్యబోయి మానుకున్నాడు. తలుపు మూసుకున్నాక వాన చప్పుడు మళ్ళీ వినిపించింది. నోరు తెరవడానికి నాకు చాలా సమయం ఉంది. అతను తలుపు దాకా నడిచినంతసేపూ ఉంది.

ఓదిలోన్ గారు కాఫీ కూజా ఎత్తి నా కప్పు నింపారు. నా మొహం ఎలా ఉందో ఏమో, నన్నే ఓదార్చబోయారు.

"మీరెందుకమ్మా బాధపడతారు," అన్నారు. "కింద పనిచేసేవాళ్ళు, మీ చేతుల్లో ఏముంటుంది."

ఏమీ ఉండదండీ, అన్నాను.