ఊదని శంఖం

పసిఫిక్ సముద్రంలోని వనువాటులో ఒక చిన్న దీవి. పొద్దు బారెడెక్కింది. గట్టు మీద తన తోటలో కల్మెట్ కత్తి పట్టుకుని ఉన్నాడు. చనిపోయిన భార్యకి తమ్ముడైన సైలస్ కింది ఊరి నుంచి రొప్పుకుంటూ వచ్చాడు.

“ఏంటి బావా ఇది? గడ్డ ఊరకముందే కర్రపెండలం కాడలన్నీ నరికేస్తున్నావ్?”

“నా తోట. నా కత్తి.”

“అరటాకులు కూడా కోసేశావే! ఒక్కటీ మిగల్చలేదు.”

“ఎండ తగలాలని.”

“ఎవరికి, గెలలకా?”

“నాకు. నువ్వెళ్ళి నీ పని చూసుకో.”

“ఇంటికప్పు మీంచి తాళ్ళు కట్టావ్. సీమపనసకాయలు గోతిలో పూడ్చావ్. బావా, గాలొస్తోందా?”

“గాలెప్పుడూ వస్తూనే ఉంటుంది.”

“ఆ గాలి కాదు నేనడిగేది.”

“సముద్రం చూడు, నూనె పోసినట్టుంది. ఆకు కదలట్లేదు. ఇంకేం కావాలి నీకు?”

“ఆకు కదలకపోతేనే నాకు భయం. ఉండు, ఇంట్లోకొస్తున్నా. గోడ మీద నీ గడుల పటం ఏదీ? తుఫాను ఎక్కడుందో రేడియో విని చుక్కలు పెడతావే, అది. తీసి చాప కింద దాచావా! ఇటివ్వు, చూడనీ. ఇదెప్పటి చుక్క?”

“మొన్నటిది. ఉత్త అల్పపీడనం. పేరు కూడా పెట్టలేదు.”

“ఇది?”

“నిన్న పొద్దున. పేరు పెట్టారు. ఆడపేరు.”

“మరిది?”

“నిన్న రాత్రి. మూడో నంబరు తుఫానైంది. ఇటు తిరిగింది.”

“ఇటంటే?”

“ఇటంటే ఇటే. ఆ పక్క గడి మనదేగా. మధ్యాహ్నం దాటితే నెత్తిమీదుంటుంది.”

“మధ్యాహ్నమా! ఇవాళా? బావా, పొద్దున కోడికూతకే మన...”

“కోడి సంగతి తర్వాత. నా పంది సంగతి చెప్పు ముందు.”

“పందేంటి ఇప్పుడు?”

“కోరలు గుండ్రంగా తిరిగిన పంది. ఏడేళ్ళు చేత్తో మేపాను. పోయినేడు తుఫానొస్తోందని శంఖం ఊదినందుకు ఊరి పెద్ద దండుగ వేసి పట్టుకుపోయాడు చూడు, అది. నువ్వూ తిన్నావుగా, రుచెలా ఉంది?”

“అందరికీ పంచారు, నాకూ పెట్టారు. నన్నేం చేయమంటావ్! బావా, నా మాట విను, పొద్దున...”

“నువ్వు విను! తుఫాను దారి మళ్ళితే అది నా తప్పా? నేనేమన్నా తాడు కట్టి లాక్కొస్తానన్నానా? తోటలన్నీ ఊరికే నరికించాడని తిట్టారు. కావా వేళ్ళ రసం తాగేచోట నేనడుగు పెడితే ‘అదిగో, గాలితాతొచ్చాడు, ఇళ్ళ కప్పులు పట్టుకోండ్రా’ అని పకపకలు.”

“నవ్వారు, కాదన్లేదు. నేనూ నవ్వాను. కానీ టవరు పడిపోయి పది రోజులైంది. ఫోన్లు లేవు. రేడియో నీ ఒక్కడి దగ్గరే ఉంది. ఊరి చెవులన్నీ ఈ గట్టువైపే ఉన్నాయి.”

“నా మాట లేకుండా ఊదకు అన్నాడు పెద్ద. ఊదట్లేదు. మంచివాణ్ణి కదూ ఇప్పుడు?”

“పిల్లలు, ముసలాళ్ళు ఉన్నారు బావా.”

“పెద్దనే రమ్మను. ఈ బురదలో చాప వేస్తాను, కూర్చుని అడగమను.”

“ఆయన వచ్చేసరికి కప్పులు లేస్తాయ్! మా అక్క బతికుంటే...”

“మీ అక్కని మధ్యలోకి లాగకు.”

“నిన్న రాత్రే తెలిసీ ఎలా పడుకున్నావయ్యా?”

“హాయిగా. చాలా రోజులకి నిద్ర పట్టింది.”

“థూ!”

“ఉమ్మేసుకో. నువ్వు నవ్విన నవ్వు కంటే ఇదే నయం. ఒరేయ్, ఆగు. ఎక్కడికి పరిగెడతావ్?”

“శంఖం ఎక్కడ పెట్టావో చెప్పు, నేనే ఊదుతాను.”

“చెప్పను. ఒక్క పని చెయ్యి. మా అమ్మాయి లేమౌరిని పైకి తోలుకురా. నెలలు నిండిన మనిషి, మెల్లగా నడిపించు. దానికోసమే లోపలి గదికి అడ్డగోడ కట్టాను. ఎవరడిగినా నాన్న చూడాలన్నాడని చెప్పు. గాలి సంగతి మాత్రం ఎత్తకు.”

“లేమౌరినా!”

“ఏం? నా కూతుర్ని నేను పిలుచుకోవడానికీ దండుగేనా?”

“ఊళ్ళో లేదు బావా.”

“ఏట్లో బట్టలుతుకుతోందా? ఈ స్థితిలోనా?”

“అదే చెప్దామని ఇందాకట్నుంచి నోరు తెరుస్తుంటే నువ్వు తెరవనిస్తేగా! నెప్పులు మొదలయ్యాయి. కోడికూతకే పడవెక్కించాం. అవతలి దీవికి, వీలా ఆస్పత్రికి.”

“పడవా!”

“ఈపాటికి నడిసముద్రంలో ఉంటారు.”

“వెనక్కి పిలవండ్రా! పిలవండి!”

“దేంతో పిలవను?”

“నన్నడగొద్దూ? సముద్రమ్మీదికి పంపేముందు నాకో మాట చెప్పొద్దూ?”

“అడగకేం, అడిగింది. ఒడ్డున మమ్మల్నెవర్నీ మాట్లాడొద్దంది. నెప్పి పళ్ళబిగువున ఆపుకుని ఈ గట్టువైపు చెవి పెట్టి చాలాసేపు నిలబడింది. ‘ఊరి మీద ఎంత కోపమున్నా నాన్న ఈ విషయంలో నోరు మూసుకోడు మామా. ఊదలేదంటే భయం లేదు’ అని అందరికంటే ముందు తనే ఎక్కింది.”