పసుపు పూసిన పులిజూదం

అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారికి, హెడ్మాస్టరు గారికి, ఇన్నేళ్లూ నాతోపాటు సుద్దముక్కల పొడి మింగిన తోటి ఉపాధ్యాయులకు, ఎండలో నిలబెట్టి లెఫ్ట్ రైట్ అనిపించినా కోపం పెట్టుకోకుండా వచ్చిన నా పాత విద్యార్థులకు, పట్నం నుంచి శ్రమపడి వచ్చి ముందు వరుసలో కూర్చున్న పాత వస్తువుల వ్యాపారి గారికి నమస్కారాలు. ఈ మైకు దాకా అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాను. వయసు మీదపడిందనుకోకండి, రిటైరైనా ఇంకా బస్కీలు తీయగలను. (నవ్వులు) ఇది భయం. పొద్దుటి నుంచీ ఉంది.

డ్రిల్లు మాస్టరుకు పాత ఆటసామాన్ల పిచ్చేమిటని నన్ను వెక్కిరించినవాళ్లే, ఇంట్లో అటక దులిపినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకొని నా దగ్గరికి వస్తారు. ఆ మధ్య పరకాల నుంచి ఒకాయన, రాజులు ఆడిన దంతపు పాచికలంటూ గుడ్డలో మూటగట్టి తెచ్చాడు. భూతద్దం పెట్టి చూస్తే నల్లటి చుక్కలు కనిపించాయి. దంతానికైతే సన్నని గీతలు ఒకదాన్నొకటి కోస్తూ పోతాయి, చుక్కలుండేది ఎముకకు. పాతదిగా కనిపించాలని రంగు వేశారేమోనని వాసన చూశాను. చాయ్ డికాషన్! రాజులు పాచికల్ని చాయ్‌లో ముంచుకొని ఆడేవాళ్లా అయ్యా, అన్నాను. (నవ్వులు)

నకిలీది దొరికితే ఇలా నవ్వుకోవచ్చు. నాకు భయమల్లా అసలుదాన్ని చూస్తేనే. అదుగో, మూడో వరుసలో మా అబ్దుల్ వహాబ్ భాయ్. వాళ్ల తాత కుస్తీల తాలీంలో తిప్పిన ముగ్దర్లు, అంటే కసరత్తు చేసే కర్ర గదలు, నాకు చూపించాడు. పిడి దగ్గర అరచేతి అరుగుదల, అడుగున పోసిన సీసం చూసి, అసలువే భాయ్, మంచి ధర పలుకుతాయి అన్నాను. పలికాయి, వెళ్లిపోయాయి. ఇప్పుడు పొద్దున నమాజు చేసి వచ్చి ఉత్త చేతులు తిప్పుతుంటాడు. "ఫికర్ చెయ్యకు మాస్టర్‌సాబ్, చేతులైతే ఉన్నయి కద" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గాని, నాకు నా నోరంటే భయం పట్టుకుంది.

ఇక ఈ రోజు సంగతి. ఖిలా వరంగల్‌లో పూలమ్మక్క ఇంటి ముందు పసుపు పూసి, కుంకుమ పెట్టిన రాయి ఒకటుంది. త్రికోణం, దాన్ని కోస్తూ గీతలు. అమ్మవారి యంత్రమని దారినపోయేవాళ్లు దండం పెట్టుకుంటారు. అది పాత ఆటరాయి అని నేను ఒక్క మాటంటే వ్యాపారి గారు కొంటారట. రాయి వీధిలో ఉంది, ఊరందరిదీ కనుక ఆ డబ్బుతో మన బడి గ్రౌండు చదును చేయిద్దామని అధ్యక్షుల వారి ఆశ. డ్రిల్లు మాస్టరుకు గ్రౌండు కంటే ఆశ ఏముంటుంది? అందుకే పొద్దున వెళ్లాను. పసుపు కింద వేలితో తడిమాను. గీతలు కలిసిన ప్రతిచోటా నున్నటి చిన్న గుంట. గులకరాళ్లు పెట్టి పెట్టి అరిగినవి. రెండు పక్కలా అంచులు మోకాళ్లు తగిలి నునుపెక్కాయి. అది అసలైన పులిజూదం.

(పూలమ్మక్క కూర్చున్న వైపు తిరిగి)

పూలమ్మక్కా, ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కదా, చెబుతున్నాను. అక్క తల ఊపుతోంది. పొద్దున నేను అడగకముందే అక్క అన్న మాట ఇది: "అది దేవత గాదని నాకెర్కలేదా సారూ? మా తమ్ముడు మొగిలి, నేను గీన్నే కూసోని పులిజూదం ఆడినం. పక్కపొంటి చెక్కడపు రాయిని మొన్న ఎవలో బండ్ల ఏస్కపోయిండ్రు. పసుపు పెడితే భయానికి ఎవ్వలు ముట్టరని నేనే పెట్టిన. మొగిలి పోయిండు, గీ రాయన్న ఉండాలె."

నీకూ భయమేనా అక్కా, అన్నాను. "రోజూ పొద్దుగాల తలుపు తీసి, రాయి ఉన్నదా అని సూస్త సారూ" అంది.

అధ్యక్షా, క్షమించండి. గ్రౌండు చదునుకు పార పట్టుకొని నేనే వస్తాను. ఆ రాయికి మాత్రం ధర కట్టలేను. దేవత అని అబద్ధమాడి ఉంటే ఆ రాయి అక్కకే దక్కేదేమో. నా మాటతో పసుపు తీసేసి నిజం చెప్పాను. దాన్ని కాపాడానో, పోగొట్టానో తెలియడం లేదు.

ఆట తెలియని పిల్లల కోసం ఒక్క మాట. ఇందులో పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. ఆ మేక వెనకే ఇంకో మేక ఉంటే దూకలేదు. రేపటి నుంచి నేను ఖాళీ. సాయంత్రం పూట ఆ రాయి దగ్గర మేకల వైపు కూర్చుంటాను. మీ ఆదరణకు, ఈ శాలువాకు, ఈ దండకు కృతజ్ఞతలు. నాకింకా భయంగానే ఉంది, నా వెనక ఎవరైనా వచ్చి కూర్చోండి. సెలవు.