దూడ తల్లి చాటున దాగే చోటు

భావనపాడు తీరం. మధ్యాహ్నం దాటింది, గాలి పెరుగుతోంది. వేకువన ఒంటరిగా ఇంజను తెప్ప వేసుకుని వేటకెళ్లిన రమణ ఇంకా ఒడ్డుకు రాలేదు. అతని అన్న కొండబాబు బోటు నీళ్లలోకి దించాడు. రమణ భార్య చిన్నతల్లి ఆ బోటు అంచు పట్టుకుని నిలబడింది.

"దచ్చినం ఏపు ఎల్లినాడన్నావు కదా, సిన్నతల్లీ?"

"అన్నాను, బావా."

"ఆ మాట నమ్మే ఊల్లో బోట్లన్నీ దచ్చినానికి పరిగెత్తినాయి. ఎవుడికీ తెప్ప అవుపడ్నేదు. ఇప్పుడు నిజం సెప్పు. దచ్చినమేనా?"

"అలాగని సెప్పమన్నాడు."

"ఎవుడు?"

"నీ తమ్ముడే. ఎవులడిగినా దచ్చినమనే సెప్పమన్నాడు. ఒడ్డు మీద మనుసులు సూత్తన్నంతసేపూ దచ్చినానికే పోతాడు. మనుసులు సీమలంతయిపోనాక తెప్ప మల్లిత్తాడు."

"ఎటు మల్లిత్తాడు?"

"అది సెప్పకూడదు, బావా."

"ఏటీ?"

"సెప్పకూడదు. ఒట్టెయ్యించుకున్నాడు. రావివలస తీసుకెల్లి, ఎండల మల్లన్న గుడి కాడ నిలబెట్టి, పిల్లలిద్దరి నెత్తి మీదా నా సెయ్యి ఎట్టించి మరీ ఒట్టెయ్యించుకున్నాడు."

"మొగుడి పేనం పోతన్నా సెప్పకుండా ఉండమన్నాడేటి మల్లన్న?"

"అలగనకు! పేనం పోతాదని అనకు!"

"అనకపోతే పోకుండా ఉంటాదా? గాలి సూడు. జీడితోటలు ఎలాగూగుతున్నాయో సూడు. సందేళకి సంద్రం ఇంకా ఎగుత్తాది. ఆడిది తెప్ప, ఓడ కాదు. పొద్దున్న ఫోన్లో ఏటన్నాడో మల్లీ సెప్పు."

"ఇంజను ఆగిపోనాదన్నాడు. బాగుసేసుకుని ఒచ్చేత్తాను, బెంగెట్టుకోకన్నాడు. ఆ తరవాత మల్లీ కలవనేదు. నాను సేత్తానే ఉన్నాను, కలవట్లేదు."

"పోలీసోలేటన్నారు?"

"ఎక్కడ ఎతకాలో సెప్పమ్మా అన్నారు. సంద్రమంతా ఎక్కడని ఎతుకుతాం అన్నారు."

"అదే నానూ అడుగుతన్నాను. డీజిలు పోసి ఉంది, అప్పలసూరి ఇంజను కాడ కూకునున్నాడు. నీ నోటిలోంచి ఒక్క మాట రావాల. అంతే."

"నీకు అసలు సెప్పకూడదన్నాడు."

"నాకా?"

"ఊరందరికీ తెలిసినా పర్నేదు గానీ మా అన్నకి తెలకూడదన్నాడు. నన్నేటి సేయమంటావు, బావా? మావ పోయిన కాడ్నించి మీ ఇద్దరికీ మాటల్నేవు. ఎదురుపడితే మొకాలు తిప్పుకుంటారు. పెల్లికెల్తే నువ్వా బంతి, ఆయనీ బంతి. ఇయాల నువ్వే పరిగెత్తుకొచ్చి పారెక్కడ, పారెక్కడ అని అడిగితే, నానేటనుకోవాల?"

"పారు కోసం ఒచ్చినాననుకుంతన్నావా?"

"అనుకుంతన్నాను. అబద్దం ఎందుకు, నాకు బయంగానే ఉంది. సంద్రం అడుగున సేపలు సేరే పారు రాయి దొరికినోడు ఆనవాలు కన్నతల్లికి కూడా సెప్పడు. నీకు తెల్దేటి? మాకు సెంటు బూమి నేదు. ఆ రాయే మా బూమి. ఆయన్ని తెత్తావు సరే, ఆ తరవాత ఆ రాయి మీదకి నువ్వూ ఎల్తావు. నీ ఎనక నీ బావమరుదులెల్తారు. రేపు మా పిల్లలకేటుంటాది?"

"రేపు ఆలకి అయ్యుండాల కదే, ముందు!"

"ఓలమ్మా… బావా, ఆ మాటనకన్నానా?"

"ఏడవకు. ఏడిత్తే పొద్దు పోతాది. సెప్పకపోతే బోటు ఇప్పేసి ఉత్తిదానికి తిరిగి ఒత్తాను. ఎతికినానని అనిపించుకోడానికి. అదేనా నీకు కావాల్సింది?"

"నన్ను బోటెక్కించు. నానే సూపిత్తాను."

"నువ్వెప్పుడైనా ఆడకెల్లినావా?"

"ఆడోల్లని తెప్పెక్కనిత్తారేటి? నాను మోకాటి లోతు దాటి ఎల్లనేదు."

"మరేటి సూపిత్తావు? నీకేటి తెలుసు?"

"ఆయన సెప్తే ఇనడమే. అన్నం కాడ కూకుంటే అదే కబురు. పక్కలో పడుకుంటే అదే కబురు. నాకు కల్ల ముందు అవుపడినట్టే ఉంటాది ఆ సోటు."

"అయితే అదే సెప్పు."

"దారి సెప్పమనకు. దారి నాకు తెల్దు కూడాను. ఎలాగుంటాదో సెప్తాను. అలాగ సెప్తే ఒట్టు తప్పినట్టు కాదు కదా, బావా? సెప్పు, కాదు కదా?"

"కాదు. కానే కాదు. ఆ పాపం ఉంటే నాకే తగలనీ. సెప్పు."

"ఆడికెల్లేసరికి నీలు రంగు మారిపోతాదట. అప్పుటిదాకా కొబ్బరాకు రంగులో ఉండి, ఒక్కసారి నేరేడుపండు నలుపైపోతాదట. ఆడ అల ఇరగదట. ఉయ్యాల్లో గుంటపిల్లని ఊపినట్టు ఎత్తి దించుతాదట. అప్పుడు ఇంజను కట్టేసి—"

"కతలొద్దు. ఒడ్డు ఏటవుపడతాది ఆడ్నించి?"

"నన్ను సెప్పనియ్యి! నాకు వరస తప్పితే గుర్తు రాదు. ఇంజను కట్టేసి, తెప్ప మీద బోర్లా పడుకుని, సెవి సెక్కకి ఆనిత్తాడట. కింద్నించి సిన్న సప్పుడొత్తాదట. వేయించిన సెనగలు పిల్లలు నమిలినట్టు. రాయినంటిన నాచుని సేపలు కొరుకుతాయట. ఆ సప్పుడు ఇంటే కడుపు నిండిపోతాదంటాడు. ఒక్కోసారి గాలం కూడా ఎయ్యడట, బావా. ఉత్తినే ఇనేసి ఒచ్చేత్తాడు. ఇంటికి ఉత్త సేతుల్తో ఒత్తే నాను తిట్టేదాన్ని. సంద్రం మీద నిద్రోడానికి డీజిలు కాలుత్తావా అని తిట్టేదాన్ని."

"ఆడు… ఆడు సెవి ఆనించి ఇంటాడా?"

"అవును. ఏటి?"

"ఏటీ నేదు. సెప్పు."

"ఆ సోటుకెల్తే బుర్ర సల్లబడిపోతాదంటాడు. అప్పులోల్లు గుర్తురారు, ఎవుడి మీదా కోపం గుర్తురాదంటాడు. ఒకపాలి నీ మీద కూడా—"

"ఒడ్డు, సిన్నతల్లీ. ఒడ్డు ఏటవుపడతాదన్నాడు? కొండ గురించి ఏవైనా సెప్పినాడా?"

"సెప్పినాడు. గేదె."

"గేదేటి?"

"పెద్ద కొండ గేదె పడుకున్నట్టుంటాదట. దాని పక్కనే సిన్న కొండ, దూడ తలెత్తి సూత్తన్నట్టు. తెప్ప ఎల్తంటే దూడ మెల్లగా తల్లి ఎనక్కి పోతాదట. తోక కూడా అవుపడకుండా తల్లి సాటున దాగిపోనాదనుకో, అప్పుడు—"

"తల్లి సాటునా?"

"అప్పుడు ఒక పక్క ఆనవాలు కుదిరినట్టట. బావా? ఇంతన్నావా?"

"మల్లీ సెప్పు."

"దూడ తల్లి సాటున దాగిపోతాదట."

"గేదె, దూడ. ఆ మాటలే అన్నాడా? ఆడి నోటితో ఆ మాటలే అన్నాడా?"

"ఆ మాటలే. ఎందుకలా అడుగుతున్నావు?"

"రెండో పక్క నాను సెప్తాను, ఇను. మన ఊరి నీల్ల టాంకీ, దాని ఎనకాల దిబ్బ మీద ఒంటి తాడి. తాడి తల సరిగ్గా టాంకీ మీదకి ఒత్తే—"

"టాంకీకి తలపాగా సుట్టినట్టుంటాది. ఓలమ్మో! నీకెలా తెలుసు?"

"నాకెలా తెలుసా? ఆడికెలా తెలుసు? అది నా రాయి! నా రాయే అది! ఆడికెవుడు సెప్పినాడు?"

"అరవకు, బావా—"

"ఎవుడో ఒత్తన్నాడని నాకు తెలుసు. వారం కింద నా గాలానికి ఇంకోడి గాలం తగిలింది. ఎవుడో దొంగెదవ నా ఎనకాల ఒచ్చి ఆనవాలు కట్టేసినాడని నిద్దర్నేకుండా సచ్చినాను. ఈడేనా! నా ఎనకాలే ఒచ్చి, నా కూట్లోనే—"

"దొంగ అనకు! నా మొగుణ్ని దొంగ అనకు! ఎవుడెనకా ఎల్లనేదు. మావ సెప్పినాడు. మీ అయ్యే సెప్పినాడు."

"అబద్దం."

"మావ మంచం మీదున్నప్పుడు సెప్పినాడు. గంజి పోయడానికి నాను లోపలికెల్తే ఒద్దని సెయ్యూపినాడు. ఆయన సెవి మావ నోటి కాడున్నాది. బయటికొచ్చినాక ఆయన ఏడిసినాడు, బావా. అన్నకి బోటిచ్చినాడు, నాకు రాయిచ్చినాడు, మా అయ్య నాకేటీ ఇవ్వనేదనుకున్నానే అని ఏడిసినాడు."

"నాకూ సెప్పినాడు."

"ఏటి?"

"నాకూ సెప్పినాడే. సీకటితో లేపి, తెప్పెక్కించి, ఆడకి తీసుకెల్లి మరీ సూపినాడు. గేదె, దూడ అన్నాడు. నా సెవి సెక్కకి ఆనించి ఇనమన్నాడు. నీ తమ్ముడికి సెప్పకు, ఆడిది సిన్న బుద్ది, ఊరంతా సెప్పేత్తాడన్నాడు. నెత్తి మీద సెయ్యెట్టించుకున్నాడు."

"ఈయనకీ అదే మాట. మీ అన్నకి సెప్పకు, ఆడికి పెద్దాశ, రాయిని నాకేత్తాడన్నాడు."

"ఇద్దరికీ ఇచ్చినాడా?"

"ఇద్దరికీ ఇచ్చినాడు. ఒకడికొకడు తెలకుండా ఇచ్చినాడు."

"ఎంత పని సేసినావురా, అయ్యా! ఇన్నేల్లూ ఆడి మొకం సూడనేదు, సిన్నతల్లీ. ఆడేదో దాత్తన్నాడని నాకనుమానం. నానేదో దాత్తన్నానని ఆడికనుమానం. ఇద్దరం ఒకటే దాసుకున్నాం."

"బారతక్కకి తెలుసా? కట్టుకున్నదానికైనా సెప్పినావా?"

"బారతికా? ఎప్పుడూ సెప్పనేదు. ఏటని సెప్తాను? ఆ సోటు అంటే నాకెంత ఇట్టమో, అక్కడికెల్తే నాకెందుకు ఏడుపొత్తాదో ఒక మనిసికి సెప్పుకోనేదు. ఆడు నయం. ఆడు నీకు సెప్పుకున్నాడు."

"ఆ మాటలు తరవాత. నీకు దారి తెలుసు కదా, ఇప్పుడు? ఎల్లు. లెగు, బావా. ఎల్లు."

"ఎల్తాను. ఉత్తరం కొట్టి పోతే పొద్దుండగానే అందుకుంటాను. ఓరి అప్పలసూరీ, తాడిప్పరా!"

"దేవుడున్నాడు, బావా. ఆయన్ని నీ సేతుల్లోనే ఎట్టినాడు. తెచ్చేత్తావు కదా?"

"తెత్తాను. ఇంజనుకేటయిందో సెప్పు. పార్టేవైనా పట్టికెల్లాలేమో. ఏటి పోనాదన్నాడు?"

"పోనేదు. ఇంజను బాగానే ఉంది గానీ నీల్లలో ఉండే ఫ్యాను తిరగట్లేదన్నాడు. దానికేదో సుట్టుకుందట."

"సుట్టుకుందా?"

"నీల్లోకి ఒంగి సూత్తే ఏటీ అవుపడనేదట. కింద్నించి బిగిసిపోయి ఉందట. దిగి కోద్దామంటే అల దిగనివ్వట్లేదన్నాడు. తెప్పని ఎనక్నించి ఎవుడో అట్టుకు లాగుతున్నట్టుందే అని నవ్వినాడు కూడా."

"ఒంగి సూత్తే ఏటీ అవుపడనేదా?"

"బావా? ఏటయింది? ఎందుకలా కూకుండిపోనావు?"

"ఎనక బిగిసిపోతే తెప్ప అలకి ఎదురు తిరగనేదు. అల ఒచ్చినప్పుడల్లా ఎనక్నించి లోపలికి నీలొత్తాది."

"అయితే మరి కూకుంటావేటి? లెగు!"

"ఆ రాయి మీద వల దించొద్దన్నాడు అయ్య. గాలమొక్కటే అన్నాడు."

"వలేటి? ఇప్పుడు వలేటి, బావా? ఎవుడి వల?"

"ఆ వలకి జెండా కట్టనేదు. బెండు కూడా కట్టనేదు. ఎవుడికీ అవుపడకూడదని."

"నాకు బయమేత్తంది. ఏటంతన్నావు నువ్వు?"

"పొడుగు కర్రకి కట్టిన కొడవలుంటాది మా సాలలో, బేగి తే తల్లీ, పరిగెత్తు. నా రాయి మీదకొత్తన్న దొంగెవుడో ఆడి ఫ్యానుకి సుట్టుకోవాలనే, నిన్న సందేళ ఆ వల నానే ముంచొచ్చినాను."