మైకిచ్చింది నేనే

మీ ఆయన నామినేషన్ కొట్టేశాను వదినా. ఊహూఁ, నోరు కదపకు! ఫేస్‌ప్యాక్ ఇప్పుడే పట్టుకుంటోంది, మాట్లాడావంటే బీటలు వారుతుంది. అందుకే ముందు పూసి, తర్వాత చెబుతున్నాను. పార్లర్ నడిపేదానికి ఆమాత్రం తెలివుండొద్దూ?

అలా ఉరిమి చూడకు. కాలనీ ఎన్నికల అధికారిని నేను. ఆయన నీకు మొగుడైతే నాకు స్వయానా అన్నయ్య. నాకు మాత్రం సరదానా? అంటే... కొంచెం సరదాగానే ఉందనుకో. పొద్దుట్నుంచీ నవ్వాగట్లేదు!

మీటింగుల్లో అన్నయ్యని పిలిచి మైకిచ్చింది నేనే కదా? "నన్నొక్కసారి గెలిపించండి, ఇక ఈ ఓట్ల గోలే ఉండదు" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. "అద్దెకున్నవాళ్ళని గేటవతల పెడతా" అన్నాడు. చప్పట్లు! పోనీలే, మాటే కదా అనుకున్నాను. పైగా గొంతు తడుపుకోమని టీ ఇప్పించాను. చూశావా నా ఉదారం?

నిన్న వెనక వీధికెళ్తే, అద్దె ఇళ్ళ తలుపులన్నిటి మీదా ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు. టైలరమ్మ వాళ్ళత్తగారు, ఆ ముసలావిడ, తడిగుడ్డతో రుద్దుతోంది. పోతేనా! "ఓటుకి రాకపోతే ఏమీ చెయ్యరటమ్మా" అంది, నాకే ధైర్యం చెబుతున్నట్టు.

అన్నయ్యనడిగాను. దాచలేదు, దర్జాగా ఒప్పుకున్నాడు! "ఎదుటివాడి మాట పడనిదానివి, నీదేం ప్రజాస్వామ్యమే?" అని నాకే పాఠం. "మైకులో ఉన్నంతసేపూ విన్నాను కదన్నయ్యా. ఆ మాటలు తలుపులెక్కాక వినను" అన్నాను. సభ్యుల్ని బెదిరిస్తే పోటీకి అనర్హుడని రూలుంది. అది పట్టుబట్టి పెట్టించింది ఎవరనుకున్నావ్? ఆయనే! నవ్వకు వదినా, పగులుతుంది!

ఓ... నవ్వు కాదా? ఉండు, దూది పెట్టనీ. కదలకు.

ఆ రంగు డబ్బా మీ మెట్ల కిందే ఉందటగా. నువ్వు చూసే ఉంటావు. సరేలే, నేనేమన్నా తక్కువా, టీ ఇప్పించినదాన్ని!

అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. "తోడబుట్టినవాడే, పేరు చేర్చవే" అని. అంతా విన్నాను. విని, వెళ్ళి ఆఫీసు గోడకి అభ్యర్థుల జాబితా అంటించాను. ఆయన పేరు లేదు. ఇవాళ మనుషుల్ని పంపాడు, తిట్టించాడు, బతిమాలించాడు. జాబితా అలాగే ఉంది.

ఆరింది, కడిగేస్తాను. ఆ తర్వాత నీ ఇష్టం, తిట్టుకో.

ఓటు మాత్రం తియ్యలేదని చెప్పు ఆయనకి. రేపొచ్చి వేసుకోమను. వరసలో, ఆ ముసలావిడ వెనకాల నిలబడి.