ఇస్రాయేలన్న జాలీ మిషన్

ఊదాల్నా? గీ గొట్టంలనా? గట్టిగనా, నిమ్మలంగనా? ఎట్లంటె అట్ల ఊదుత, జెప్పు బిడ్డా. నవ్వకు. ఊదుడు నాకొకలు నేర్పాల్నా? ఈ మోత్కూర్ల నోటితోని ఊది పేరు తెచ్చుకున్నోన్ని నేనొక్కన్నే. అగో, మల్ల నవ్వుతున్నవ్. పోయినసారి వచ్చిన నర్సమ్మ గూడ గిట్లనే నవ్వి, ఏందో రాసుకొని పోయింది. మంజులత అంటివి గదా పేరు? జర నీడకు జరుగమ్మ. చాయ పెట్టెటోల్లు లేరు. మా కొడుకు లింగస్వామి మిల్లుకు పోయిండు, కోడలు నాగరాణి పత్తి ఏరబోయింది. ఇంట్ల మనుషులు మస్తుగున్నరు గని పొద్దంత ఎవరుండరు. కుండల నీళ్లు సల్లగున్నయ్, ముంచుకో.

ఏమంటున్నది నీ గొట్టం? దమ్ము తక్కువున్నదా? ఉండదా మరి, గంత దుమ్ము మింగితి. బీడీ గాదు బిడ్డా, బీడీ నేను ముట్ట. కట్టె దుమ్ము. సన్నగ, పిండి లెక్క ఉంటది. గొర్లు కాసినన్ని దినాలు మట్టి దుమ్ము మింగిన, గొర్లు అమ్ముకున్నంక కట్టె దుమ్ము మింగిన. ఎక్కడిదంటవా? ఇస్రాయేలన్న ఇంట్లది. నువ్వు ఆయన్ను చూడలే, నువ్వు ఈ డ్యూటీకి రాకముందే పాయె. గా చర్చి సందుల నీలం గేటున్నది చూడు, గదే ఆయన ఇల్లు. ఇప్పుడు బిడ్డ గ్రేసమ్మ ఒక్కతే ఉంటది, నీ లెక్కనే దవాఖానల పనిజేస్తది.

గాయిన కులానికి వడ్లాయన, కట్టెపనోడు గాదు. వాళ్ల నాయినోల్లు దొరల పొలంల జీతమున్నోల్లు. ఈయన పడుసుతనంల పట్నంబోయి ఏదో కార్ఖానల చెక్కకు జాలీ కోసే పని నేర్సుకొచ్చిండు. జాలీ అంటె, దేవుని మందిరాలకు వెనక పువ్వులు తీగలు ఉంటయ్ గదా తూట్లు తూట్లు, గది. ఇంటి ముంగట పేరు పలకలు, గోడకు తగిలిచ్చె నెమళ్లు, గడియారం చుట్టు ఆకులు, అన్ని కోసేటోడు. మా వడ్ల వెంకటయ్య ఎకసక్కెం జేసేటోడు. ‘తలుపు జేసెటోనికి తెలివి గావాలె, తూటు పెట్టెతందుకు ఎలుక సాలదా’ అని. ఇస్రాయేలన్న కోపం జేసుకోకపోతుండె. నవ్వి, ‘ఎలుకకు పువ్వు గీసుడు రాదు వెంకటయ్యా’ అనేటోడు. గా వెంకటయ్యనే బిడ్డ పెండ్లికి పేరు పలక కోయించుకున్నడు, మల్ల.

మిషన్ ఎట్లుంటదంటవా? కుట్టుమిషన్ చూసినవ్ గదా, గట్లనే. సూది జాగల రంపం ఉంటది. ఎంత సన్నమంటె, నీ తలవెంట్రుక గుంజి అడ్డం బెడ్తె రెండు ఒక్కతీరు గనబడ్తయ్. మొదలు ఆయనకు కరెంటు మిషన్ లేకుండె. ఇనుప సామాన్ల దుకాణంల కుట్టుమిషన్ స్టాండు దొరికిచ్చుకొని, దానికే రంపం బిగిచ్చి, కాళ్లతోని తొక్కుకుంట కోసేటోడు. బొమ్మ గీసిన కాయితాన్ని మైదా లై తోని చెక్కకు అంటిస్తడు. ఎక్కడెక్కడ లోపల చెక్క పోవాల్నో గాడ బర్మాతోని చిన్న తూటు. ఇగ బ్లేడు పైకొస ఊడదీసి, గా తూట్లకెల్లి దూర్చి, మల్ల తగిలిచ్చి బిగిచ్చి, గోరుతోని మీటి ఇంటడు. సప్పుడు సన్నగ రావాలె. మొద్దుగొస్తె ఇంకింత బిగిస్తడు. గా ఒక్క తూటు అయిపోంగనే మల్ల ఊడదీసుడు, మల్ల దూర్చుడు. ఒక ద్రాక్షగుత్తి కోస్తె ఎన్ని పండ్లుంటయో గన్నిసార్లు. నాకైతె గొర్రె ఉన్ని గొరిగినంత సేపట్ల అయిపోవాలె పని. గాయినకు తొందర లేకుండె.

ఇగ రంపం కోస్తుంటె దుమ్ము లేస్తదా, గది వచ్చి గీత మీదనే పడ్తది. గీత కనబడకపోతె ఖతం, బొమ్మ చెడిపోతది. ఈయన రెండు చేతులు చెక్క మీదుంటయ్, కాళ్లు తొక్కుతనే ఉంటయ్. ఎవలో ఒకలు ఎదురుంగ కూసోని ఊదాలె. వాళ్లింటామె మైసమ్మ ఊదేది. పాపం ఆమె ఊదుకుంట కూరగాయలు గూడ కోసేది. ఆమె జరమొచ్చి పోయింది. నాకప్పుడు మోకాళ్లు పోయి గొర్లు అమ్ముకున్న, నా ఇంటామె సోమమ్మ గూడ గంతకు ముందే పోయె. నలభై ఏండ్లు గొర్లతోని మాట్లాడినోన్ని బిడ్డా, దొడ్డి ఖాళీ అయినంక ఎవలతోని మాట్లాడాలె? ఒక్కనాడు గా సందులకెల్లి పోతాంటె ఈయన తొక్కుడు ఆపి, వంగి ఊది, మల్ల తొక్కుడు, మల్ల ఆపుడు, గిదే కథ. నేను లోపలికి పోయి మైసమ్మ పీట మీద కూసున్న. ఊదిన. గాయిన నా మొఖం చూసి, తొక్కుడు మొదలుబెట్టిండు. గట్ల అంటుకున్నది నాకు గా పని. మా అన్న తిట్టిండు. ‘గొల్లోనివి, వాళ్లింట్ల పొద్దంత ఏం పనిరా నీకు’ అన్నడు. ‘నీ ఇంట్ల నాతోని మాట్లాడెటోల్లు ఉన్నరా’ అన్న.

ఒక ముచ్చట జెప్పాలె నీకు. యాదగిరిగుట్ట కాడ దుకాణమున్న శ్రీశైలం సేటు అని ఉండె, దేవుని మందిరాలకు జాలీలు గాయిననే కోయించుకపోయేటోడు. ఒక్కనాడు చెప్పక చెయ్యక వచ్చిండు. నేను ఉఫ్ఫు ఉఫ్ఫు అని శంఖుచక్రాల మీద ఊదుతున్న. సేటు కండ్లు పెద్దగజేసి, ‘అరే అరే, దేవుని సామాను మీద నోటితోని ఊదుతరా, ఎంగిలి గాదా?’ అన్నడు. దీపం గూడ నోటితోని ఆర్పం గదా మనం, ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. ఇస్రాయేలన్న తల ఎత్తకుండనే, ‘సేటూ, గాయిన పొద్దుగాలట్నుంచి ఒక్కపొద్దున్నడు, నోరు పరిశుద్ధమే’ అన్నడు. నేను గప్పుడే ఇన్ని గుడాలు తిని మూతి తుడుసుకున్న! నవ్వాపుకోలేక సచ్చిన. గప్పట్నుంచి మందిరాలకు ఇసనకర్ర, శిలువలకు నోరు, అని పెట్టుకున్నం. ‘మా దేవునికి ఎంగిలి పట్టింపు లేదు పర్వతాలూ, నువ్వు ఊదు’ అనేటోడు. ఇసనకర్ర ఇసిరితె దుమ్మంత ఆయన మొఖం మీదికే పోతుండె. సేటు వచ్చిననాడే ఇసిరేది, వేరేనాడు ఎవలు చూస్తరు.

తెలంగాణ వచ్చిన మల్ల యేడు అనుకుంట, కరెంటు మిషన్ కొన్నడు. ఎర్రగ, ముద్దుగుండె. దానికి ఒక సన్న రబ్బరు పైపు. మిషన్ నడుస్తుంటె గా పైపుల కెల్లి గాలి వచ్చి గీత మీది దుమ్మును అదే ఊదుతది. మొదటినాడు ఆన్ చేసిండు. స్స్ అని ఒక్క తీరుగ గాలి. గీత తళతళ మెరుస్తున్నది. నేను పీట మీద కూసోని చూస్తున్న, నోరు తెరిసి, ఊదుడు లేదు ఏం లేదు. ‘మంచిగున్నదన్నా’ అన్న. ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి గాలె. నిజం జెప్తున్న బిడ్డా, గొర్లు అమ్మిననాడు గూడ గంత బాధ గాలె నాకు.

మల్ల దినం పోవాల్నా వద్దా అని పొద్దెక్కేదాక కూసున్న. ఆఖరుకు పోయిన. గాయిన నన్ను చూసి, మొఖం చిట్లిచ్చుకొని, ‘పర్వతాలూ, గీ పైపుల ఏందో ఇరికినట్టున్నది, గాలి వస్తలేదు, జర ఊదు’ అన్నడు. కూసున్న. ఊదిన. వంగినప్పుడు చూసిన గదా, పైపు మూతికి కట్టె బిరడ కొట్టి ఉన్నది. టేకుది. గుండ్రంగ చెక్కి, ఉప్పుకాయితం గూడ రుద్దిండు గంత చిన్న దానికి. నేను మల్ల వంగి ఊదిన. గాయిన మల్ల కోసిండు. వచ్చిపోయెటోల్లు, ‘రిపేరు చేయించరాదే ఇస్రాయేలూ’ అంటె, ‘గా సామాను దొరకది’ అనేటోడు. నేను, ‘అవు, దొరకది’ అనేటోన్ని. ఏండ్లు గడిసినయ్ గట్లనే. నవ్వొస్తున్నదా? మాక్కూడ వచ్చేది. గని ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసి ఎన్నడు నవ్వలె. నవ్వితె నేను లేచి ఇంటికి పోవాల్సొస్తదని భయముండె నాకు. ఆయనకూ ఉండెనేమొ.

ఇగ కరోనా వచ్చింది. నీకు తెల్సు గదా, మీ నర్సమ్మలే ఇల్లిల్లు తిరిగిండ్రు. మూతికి గుడ్డ కట్టుకోవాలె అన్నరు. గుడ్డ కట్టుకొని ఎట్ల ఊదుతవ్? గుడ్డ తీసి ఊదితె ఎదుటోని మొఖం మీదికే పోతది. గ్రేసమ్మ గేటు కాడికి వచ్చి, ‘కాకా, కోపం జేసుకోకు, జర కొన్నొద్దులు రాకు. నాయినకు షుగరున్నది’ అన్నది. పిల్ల కండ్లల్ల నీళ్లు. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు, ఆనాడు లేదు, ఈనాడు లేదు. అడిగింది నాయమే. పొద్దుగూకినంక పోయి గోడ అవుతల నిలబడేటోన్ని. లోపట్నుంచి, ‘పర్వతాలూ, ఉన్నవా?’ అనేటోడు. ‘ఉన్న’ అనేటోన్ని. ‘తిన్నవా?’ ‘తిన్న.’ గంతే. గోడ మీదికెల్లి ఇంకేం మాట్లాడ్తం, సందుల పోయెటోల్లంత ఇంటరు. ఒక్కనాడు పొద్దుగాల్నే పోయిన. మిషన్ నడుస్తున్నది. చెవు పెట్టి ఇన్న. స్స్ అని గాలి సప్పుడు. బిరడ తీసేసిండు. తియ్యకపోతె ఏంజేస్తడు, పని ఆగుతదా? నాకు తెల్సు. తెల్సి గూడ గోడకు ఆనుకొని ఏడ్సిన.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు ఆయనకు దగ్గు మొదలైంది. నల్గొండ దవాఖానకు దీస్కపోయిండ్రు. మల్ల రాలె. ఎవల్ని రానియ్యలె, దూరంకెల్లి గూడ చూడలె నేను. గ్రేసమ్మ, పాస్టరు, ఇంకిద్దరు, గంతే మట్టి చేసిండ్రు. గా సమాధుల కాడ చూసినవా ఎప్పుడన్న? చర్చి వెనక. చిన్నోడు పోయినా పెద్దోడు పోయినా ఇస్రాయేలన్ననే కట్టె శిలువ కోసేటోడు, నడిమిట్ల ద్రాక్షతీగ జాలీతోని. పైసలడుగకపోతుండె. నవంబర్ల సమాధుల పండుగకు అందరు సున్నమేసి, శిలువలు కడిగి, కొవ్వొత్తులు పెడ్తరు. గా పండుగకు నేను గూడ పోయిన. అందరి మీద ద్రాక్షతీగ ఉన్నది బిడ్డా. గాయినకొక్కనికే లేదు. వట్టి మట్టికుప్ప. కోసెటోడు లోపల పండుకున్నడు, ఇగ ఎవలు కోస్తరు? గ్రేసమ్మ సిమెంటుది కట్టిస్త అన్నది. ‘వద్దు బిడ్డా, నేను కోస్త’ అన్న. ఏండ్లకేండ్లు చూసిన గదా, నాకు రాదా అనుకున్న.

గాయిన ఇంట్ల మిషన్ కాడ గ్రేసమ్మ లైటేసింది. గాయిన గీసి పెట్టుకున్న కాయితం ఒకటి దొరికితె లై రాసి చెక్కకు అంటిచ్చిన. తూట్లు పెట్టిన. బ్లేడు దూర్చి గోరుతోని మీటి ఇన్న, సప్పుడు గూడ మంచిగొచ్చింది. గాయిన కుర్చీల కూసోని మిషన్ ఆన్ జేసిన. పైపు స్స్ అని ఊదుతున్నది, గీత సక్కగ కనబడుతున్నది. చెయ్యి మాత్రం ఇంటలేదు. ఎందుకంటవా, నేను గన్నేండ్లు ఎదురుంగ కూసున్నోన్ని. నాకు బొమ్మ తలకిందులే తెల్సు. చెక్క నా దిక్కు వచ్చుడే తెల్సు, నా కాడికెల్లి పోవుడు తెల్వది. ముందుకు నూకాలె అనుకుంట, చేతులు ఎన్కకు గుంజుతయ్. టప్పున బ్లేడు తెగె. ఇంకోటి ఏసిన, గదీ తెగె. గ్రేసమ్మ, ‘కాకా, ఇడిసిపెట్టు’ అన్నది. ‘ఉండు బిడ్డా’ అని, మల్లొకటి బిగిచ్చి, చెమట తుడుసుకొని, తల ఎత్తి చూసిన.

గా కుర్చీల కూసుంటె ఎదురుంగ ఏం కనబడ్తదో నాకు గప్పటిదాక తెల్వది. ఎట్ల తెలుస్తది, నేనెన్నడు గాడ కూసోలేదాయె. నా పీట కనబడ్తది. గంతే. ఖాళీ పీట. గ్రేసమ్మ దాన్ని పక్కకు జరుపబోతె గాయిన జరుపనియ్యలేదంట. నన్ను రావద్దన్నన్ని దినాలు గదే చూసుకుంట కోసిండు. గోడ అవుతల నేను, ఇవుతల గాయిన, తిన్నవా అంటె తిన్న...

మిషన్ బందు జేసిన. చెక్క ఇప్పటికి దాని మీదనే ఉన్నది.

అగో, ఎండ గడపదాక వచ్చింది, నిన్ను గూసుండబెట్టిన. అమృతమ్మ ఇంటికి గూడ పోవాలంటివి గదా? ఎడమ సందుల పోకు, గాడ కుక్క పిల్లలు పెట్టింది, మీదికొస్తది. చుట్టు తిరిగి పో. జర పైలం.