సింధుజ సీసాలల్ల ఎవలు కలుపుతున్నరు?

కూసోమంటే కూసోను సారూ. నీళ్లు గూడ వద్దు. ఈ కాలేజీల ఎవలు ఏ నీళ్లల్ల ఏం కలుపుతున్నరో ఎవలికెరుక? నా బిడ్డ సీసాలల్ల కలిపినోళ్లు నా గిలాసల కలపరా?

గుర్తువట్టలేదా? నేను సింధుజ తల్లిని. సంగమ్మను. సురంగల్ మాది. మీ కింద పీహెచ్‌డీ చేస్తున్నది గద, ఆ సింధుజనే. మీరు శేషగిరిరావు సారే గదా? ఆఁ, మరి నాకు మీతోనే పని.

నేనొచ్చినట్టు ఆమెకు తెల్వదు. చేవెళ్ల మార్కెట్ల గోరుచిక్కుడు అమ్ముకొస్తనని చెప్పి, గంప మా తోటికోడలికి అప్పజెప్పి, ఇటు మొయినాబాద్ బస్సెక్కిన.

ఇయ్యాల మాపటికి ప్రిన్సిపాల్ సారు, నా బిడ్డ ల్యాబులనే చేరిన ఆ దీపు ముచ్చట తేలుస్తడట గద? మీరు ఏం చెప్తే ఆయన అదే చేస్తడట. అందుకే వచ్చిన. ఆ పోరణ్ణి ఈ కాలేజీలకెళ్లి తీసేయించుండ్రి సారూ. వాడున్నన్ని రోజులు నా బిడ్డ లెక్కలు కుదరవు. కుదరకుంటే సదువే బంద్ జేస్తనంటున్నది. వచ్చే వారం బయటి పెద్దసార్లు వచ్చి ఆమె లెక్కలు చూస్తరట. ఏం చూపెట్టాలె వాళ్లకు? ఇన్నేండ్ల కష్టం బుగ్గిపాలు కావాల్నా?

ఏంది, నవ్వుతున్నరు? సదువురానిది, దీనికేం తెలుసనా? అంత తెలుసు నాకు. నా బిడ్డ బువ్వ తినుకుంట అన్ని చెప్తది. నీళ్లల్ల సబ్బు కలుపుతది. మన బట్టల సబ్బు గాదు, దానికేదో పేరున్నది, నా నోరు తిరగది. మల్ల గోరుచిక్కుడు గింజల జిగురు కలుపుతది. అవి కలిసినంక, మన చెవులకు వినవడని సప్పుడు అండ్లకెళ్లి తోలుతది. ఆ సప్పుడు ఎంత జోరుగ ఉరికిందో మిషన్ల చూస్తది. అవునా, కాదా?

సబ్బు కొంచెం కొంచెం పెంచుకుంట పోతే, ఒక జాగల అదంత గుంపులు గుంపులు కడతదట. ఆడ సప్పుడు నడక మారుతదట. ఆ మలుపు యాడ వస్తదో పట్టుకునుడే ఆమె పని. మందులల్ల, షాంపులల్ల అక్కరకొస్తదట. నిరుడు ఎన్నిసార్లు చూసినా ఆ మలుపు ఒక్క జాగలనే వచ్చింది. ఎంత సంబురపడ్డదో పిల్ల! హాస్టల్‌కెళ్లి ఫోన్ జేసి, "అవ్వా, బరాబర్ వచ్చిందే" అని కేకలు. నాకు అర్థమైతే ఏంది, కాకుంటే ఏంది, నేను గూడ కేకలు వెట్టిన.

ఉగాది పోయినంక ఏమైంది మరి? మలుపు ఒకదినం ఆడ, ఒకదినం ఈడ. తాడు తెంపుకున్న మేక లెక్క. రావాల్సిన జాగకంటే ముందుగాల్నే వచ్చి కూసుంటున్నదట. "నేను వేసినదానికంటే ఎక్కువ సబ్బున్నట్టు చెప్తున్నదవ్వా మిషన్" అని ఏడ్చింది. వేయని సబ్బు యాడికెళ్లి వస్తది సారూ? ఎవలో వేస్తేనే గద!

ఆ దీపు ఎప్పుడొచ్చి చేరిండు? ఉగాది పోయినంకనే గద. ఇంకేం సాక్ష్యం గావాలె మీకు? మోకిలల పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లు లేవా, అండ్ల ఉంటడు. కారుల వస్తడు. అమ్మానాయనలిద్దరు సాఫ్ట్‌వేర్. మా అసుంటోళ్ల పిల్ల ముందుకు వోతుంటే కండ్లల్ల నిప్పులు వోసుకోరా?

కోపం జేసుకున్నా సరే, ఒక మాట అంట. మీదీ ఆంధ్ర దిక్కే, వాళ్లదీ ఆంధ్ర దిక్కే. మీరు మీరు ఒకటని నాకు మనసుల ఉన్నది. కంచెనే చేను మేస్తే ఎవలికి చెప్పుకోవాలె?

అహ, మిమ్మల్ని అంటలేను. అన్ననా? అన్ననేమో. మీ ముఖం జూస్తే మంచోళ్ల లెక్కనే ఉన్నరు. గని మంచి ముఖాలు చాన జూసిన నేను. జన్వాడ దిక్కు ఫారంహౌసుల కోసం భూములు కొననీకి వచ్చినోళ్లందరివి మంచి ముఖాలే.

ఇంకొకటి వినుండ్రి. వాడు ఆమె సీస చేతుల వట్టుకొని, ఎండకు వెట్టి చూస్తున్నడు. నా బిడ్డ కండ్లార చూసింది. ఏంది అంటే ఏమన్నడో తెలుసా? "నీ సీసాలో నురగ కనపడుతోంది సింధూ, ఒకసారి చూసుకో" అన్నడట. చూసిండ్రా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు. వాణ్ణి నురగ గురించి అడిగిందెవలు? అసలు వానికెట్ల తెలిసింది? ఆ దినమే నా బిడ్డ ప్రిన్సిపాల్ తానికి పోయి చెప్పింది. అప్పటిసందే గద వాణ్ణి ల్యాబులకు రానిస్తలేరు?

మరి వాడు రాకుంటే లెక్కలు కుదరాలె గద? కుదరలె! అంటే ఏందన్నట్టు? వాచ్‌మన్ హన్మయ్య చేతిల ఏమన్న పెట్టిండన్నట్టు. తాళాలన్ని హన్మయ్య తాననే ఉంటయి. నేనే ఆమెకు చెప్పిన, బిడ్డా, హన్మయ్యను గూడ ఓ కంట కనివెట్టు అని.

పిల్ల పిల్ల లెక్క లేదు సారూ. సీసాలకు గోళ్ల రంగుతోని గుర్తులు వెట్టుకుంటున్నది. బువ్వ కాడ కూసొని బువ్వ దిక్కు చూడది. వెనకకెళ్లి పేరు వెట్టి పిలిస్తే ఉలిక్కిపడ్తది. ఎవల మీద నమ్మకం లేదు. వారం సంది ఒక్క సీస గూడ ఈడ ఉంచుతలేదు. అన్ని సంచిల వేసుకొని ఇంటికే తెస్తది. తల కాడ వెట్టుకొని పంటది.

అయినా ఏమైంది? ఇంతకుముందు ఎప్పుడో ఓసారి ఖరాబయ్యేటియి, ఇప్పుడు రోజూ ఖరాబే! చూసిండ్రా వాని తెలివి? వాడు ల్యాబుల లేడు, సీసాలు ల్యాబుల లేవు. అయినా కలుపుతున్నడు!

ఏంది సారూ, అట్ల చూస్తున్నరు?

ఇంట్ల ఎవలెవలు ఉంటరా? నేను, మా ఇంటాయన, ఆమె. ఆయన పొద్దుగూకుల చేను కాడనే ఉంటడు, ఆ సంచి దిక్కు గూడ చూడడు. ఎందుకు అడుగుతున్నరు? మాట మర్లేస్తున్నరా?

ఉగాదికి ముందుగాల సీసాలు యాడ ఉండేటియి అంటే... హాస్టల్ల ఉండేటియి. ఆమె ఆడనే ఉండేది గద. ఉగాదికే హాస్టల్ ఇడిసిపెట్టి ఇంటికొచ్చింది. అప్పటిసంది కొన్ని ఈడ, కొన్ని ఇంట్ల. ఇప్పుడు అన్ని ఇంట్లనే.

కడుగుడా? ఆమెనే కడుక్కుంటది. ఈడికెళ్లి క్యాన్ల నీళ్లు తెచ్చుకుంటది, బ్యాటరీలల్ల వోసే అసుంటి నీళ్లు. ఒట్టి నీళ్లతోని నాలుగుసార్లు తొలిపి, తెల్లబట్ట మీద బోర్లేసి పంటది.

ఒట్టి నీళ్లతోని జిగురు పోతదా సారూ? మీరే చెప్పుండ్రి. పొద్దుగాల లేసి చూస్తే లోపట మసక మసక ఉంటయి. పాపం, అలిసిపోయి పన్న పిల్ల. లేపబుద్ధి కాదు. నేనే సప్పుడు గాకుంట తీసుకపోయి, సబ్బు పొడి వేసి, పుల్లకు గుడ్డ చుట్టి అడుగు దాంక రుద్ది, మల్ల ఎట్లున్నయో అట్లనే బోర్లేసి పెడ్త. ఆమె లేసేటాల్లకు తళతళ మెరుస్తుంటయి. ఒక్కదినం గూడ తప్పలె.

ఆమెకు చెప్పుడా? ఏం చెప్పాలె? తల్లి బోళ్లు తోమిందని బిడ్డకు చెప్తదా ఎవలన్న?

నీళ్లు బోరువే. ఈ ఎండలకు బోరు యాడ వోస్తున్నది సారూ? ఒక్క బకీటు వట్టుకొని, అండ్లనే అన్ని ముంచి తీసుడు.

ఏంది? తల వట్టుకున్నరేంది?

ఎవలు? నేనా?

అట్లెట్లంటరు సారూ! ఓహో, ఇదన్నట్టు మీ తెలివి. మీ పిల్లగాణ్ణి కాపాడుకొననీకి తల్లి మీద వేస్తున్నరా? సబ్బు వెట్టి కడిగితే మురికి పోతదా, అంటుతదా? నా పుట్టుక సంది బోళ్లు తోముతున్న, నాకు కడుగుడు నేర్పుతరా మీరు?

ఉండుండ్రి. రెండు సీసాలు కొంగుల కట్టుకొచ్చిన. పోలీసుల దాంక పోవాల్సొస్తే సాక్ష్యానికి ఉంటయని తెచ్చిన. ఇగో, ఆమె వెట్టిన రంగు గుర్తు గూడ ఉన్నది. పొద్దుగాల కడిగినయే.

ఆగుండ్రి, మీరు పొయ్యకుండ్రి. మీరు వోస్తే నేను నమ్మ. ఆ క్యాన్ ఇటియ్యుండ్రి, నేనే వోస్త. ఇది నా బిడ్డ సీస. ఇది మీ బీరువలది. రెండిట్ల అవే నీళ్లు. మూత వెట్టి ఊపాలె, అంతేనా? ఊపుతున్న చూడుండ్రి.

మీదాంట్ల బుడగలు వచ్చినయి. పోయినయి.

దీంట్ల...

దీంట్ల పోతలేవు. అంచుకు వట్టుకొని అట్లనే ఉన్నయి.

ఉండుండ్రి, రెండోదాంట్ల గూడ వోస్త. సరిగ్గ ఊపలేదేమో. ఇంకోసారి ఊపుత.

దీంట్ల గూడ పోతలేవు.

సారూ, ఆ నీళ్లు జర ఇటియ్యుండ్రి. గిలాసల ఉన్నయే.

అంటే ఆమె ఒక చుక్క సబ్బు వేసేకంటే ముందుగాల్నే, నేను వేసి పంపుతున్నన్నట్టు. నా సబ్బు, ఆమె సబ్బు కలిసి ఆ మలుపు ముందుగాల్నే వస్తున్నది. అంతే గద? అంతే. అన్ని సీసాలు ఇంటికి తెచ్చినంక రోజూ ఖరాబైనయంటే, కావా మరి? రోజూ నేనే కడిగితి.

ఆ పిల్లగాడు నురగ ఉన్నదని చెప్పింది నిజమే సారూ. మంచికే చెప్పిండు. నేనొచ్చేటప్పుడు మెట్ల కాడ కనవడితే, సింధుజ సారు గది యాడ అని అడిగిన. "మీరు సింధు వాళ్లమ్మగారా ఆంటీ, సార్ గది ఇటు" అని తొవ్వ చూపెట్టిండు. పేరడిగితే దీపు అన్నడు. నేనేమన్ననో తెలుసా? నోటికి రాని మాట లేదు. ఒక్క మాట తిరిగి అనలె. తల దించుకొని నిలవడ్డడు. ఎవలో కన్న బిడ్డ.

ఏమంటున్నరు? మిషన్ ఖరాబైందని ఆమెకు మీరు చెప్తరా? నా పేరు బయటికి రానియ్యరా?

అబద్ధమెందుకు సారూ, ఒక్క గడియ ఆశపడ్డ. అట్లనే చెప్పుండ్రి అని నోటి దాంక వచ్చింది. గని మిషన్ ఖరాబంటే ఆ పిల్లగాని మీద వడ్డ మచ్చ పోతదా? రేపటిసంది నేను కడగకుంటే లెక్కలు బరాబర్ వస్తయి. అప్పుడేమనుకుంటది? వాణ్ణి ఎల్లగొట్టినందుకే కుదిరినయి అనుకుంటది. పానమున్నన్ని రోజులు వాడు ఆమెకు దొంగనే.

లేదు, ఉన్నదున్నట్టే చెప్పాలె. గని మీరు చెప్పకుండ్రి. మీరెంత చెప్పినా నమ్మది. "మా అవ్వ మీద వేస్తరా" అని మీ మీదికే లేస్తది, ఇప్పుడు నేను లేసినట్టే. ఆమెకు అందరి మీద అనుమానమే సారూ. దీపు మీద, హన్మయ్య మీద, ఏమనుకోకుండ్రి, మీ మీద గూడ. ఆఖరికి తనకు తెలివి లేదేమోనని తన మీద గూడ అనుమానపడ్డది. ఒక్క నా మీదనే వడలె. లోకమంత దొంగలని, నా ఇల్లొక్కటే భద్రమని తెచ్చి పెట్టుకున్నది.

నడువుండ్రి, ప్రిన్సిపాల్ తానికి పోదాం. ఆ పిల్లగాణ్ణి గూడ రమ్మనుండ్రి. నా బిడ్డను గూడ పిలువుండ్రి. అందరి ముందర నా నోటితోనే చెప్త.

నేను చెప్తే నమ్ముతది సారూ. మారుమాట లేకుంట నమ్ముతది. అదే నాకు భయమైతున్నది.