కాలేజీలో మ్యూచువల్ లేదు

కాసాయి నది పొంగి, మేదినీపూర్ బస్సులు వంతెన ఇవతలే ఆగిపోయిన ఏడాది అది. వరద తీసిన కొద్ది రోజులకు, ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఫిట్టరు ఎర్రయ్య ఒక సాయంత్రం రైల్వే ఆస్పత్రి నర్సు సుజాతమ్మ క్వార్టరుకు వచ్చాడు. భర్త పోయిన మనిషి ఆమె. వాల్తేరు బదిలీ అయింది. కూతురు ఆలిస్ పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది. ఎర్రయ్య ఒక మాట చెప్పాలని వచ్చి, చెప్పలేక గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఎంతసేపు నిలబడతావు అన్నయ్యా? కుర్చీలు కట్టేసినాం. ఆ పెట్టె మీద కూకో.”

“పర్లేదు సుజాతమ్మా.”

“ఏటి, షాపులో గొడవా?”

“గొడవేటి లేదు.”

“మరి ఆ మొహమేటి?”

“ఎండకి.”

“పొద్దు కూకినాక ఎండేటి అన్నయ్యా.”

“రేపు మెయిలుకేనా పయానం?”

“రేపు రాత్రి మెయిలుకే. అంతా నీ చలవ. వాల్తేరులో ఆ నర్సుని వెతికి పట్టుకుని నాకు మ్యూచువల్ కలిపినావు. ఆవిడ ఇక్కడికి, నేనక్కడికి. సీనియారిటీ పోకుండా మా అమ్మ దగ్గరికి చేరతన్నాను.”

“అదొదిలేయ్.”

“ఎందుకొదిలేస్తాను? నాకే కాదు, నా పిల్లకీ కలిపినావు. ఇది ఇక్కడ బీయెస్సీ మొదటి ఏడు, నీ కొడుకు గోవిందు అక్కడ మొదటి ఏడు. రెండో ఏడుకి ఇది అక్కడ, ఆడిక్కడ. కుర్చీకి కుర్చీ. ఎర్రయ్యన్నకి తట్టిన ఊసు ఏ మాస్టరుకీ తట్టలేదని ఆస్పత్రంతా చెప్పినాను.”

“అందరికీ సెప్పినావా?”

“చెప్పకూడదేటి?”

“ఊరికే అడిగినాను.”

“మావయ్యా, పొద్దున్న మీరు సైకిలు మీద మా కాలేజీ వైపు వెళ్తంటే చూసినాను.”

“ఎల్లినాను తల్లీ.”

“గోవిందు అడ్మిషన్ గురించేనా?”

“ఊఁ.”

“ఏమన్నారు?”

“ఏటంటారు. జనం మరీ ఎక్కువున్నారు.”

“జనం ఉంటే ఉన్నారు. మీతో ఏమన్నారు?”

“ఆలిస్, నువ్వా టీసీ తీసేసినావు కదా.”

“పోయిన వారమే. మీరే కదా తియ్యమన్నారు.”

“దాన్ని ఎనక్కి ఇచ్చీడానికి అవుతాదా అని.”

“వెనక్కి ఇవ్వడమేంటి మావయ్యా?”

“అన్నయ్యా, సూటిగా చెప్పు. ఏటయింది?”

“కాలేజీలో మ్యూచువల్ లేదంట సుజాతమ్మా.”

“లేదంటే?”

“లేదంటే లేదు. ఏ కాలేజీలోనూ లేదంట. గుమాస్తా నవ్వినాడు. పక్కోణ్ణి పిలిసి మళ్ళీ సెప్పమన్నాడు. మళ్ళీ సెప్పినాను. ఆడూ నవ్వినాడు.”

“నవ్వితే నవ్వనీ. రూలేటి?”

“ఆ యూనివర్సిటీ వేరు, ఈ యూనివర్సిటీ వేరంట. అక్కడ పాసయిన పేపర్లు ఇక్కడ లెక్కలోకి రావంట. రెండో ఏడులో ఎక్కించుకోరు, మళ్ళీ మొదట్నించీ సదవాలంట.”

“మరి ఇక్కడ పాసయినవి అక్కడ?”

“అక్కడా అదే రూలంట తల్లీ.”

“అంటే నేను మళ్ళీ ఫస్టియర్లో చేరాలా?”

“సేరాలన్నా అక్కడ పీయూసీ అడుగుతారంట. నీది ఇక్కడి హయ్యర్ సెకండరీ. రెండూ ఒకటేనని యూనివర్సిటీ ఒప్పుకోవాలంట. అది ఒప్పుకునేసరికి సీట్లుండవంట.”

“అంట, అంట. ఇవన్నీ టీసీ తియ్యక ముందు కనుక్కోవాలి. నేను కాలేజీలో అడిగొస్తానని అన్నానా లేదా?”

“అన్నావు.”

“వద్దన్నదెవరు?”

“నానే.”

“ఎందుకొద్దన్నారో అమ్మకి చెప్పండి.”

“ఆఫీసులో ముందు అడిగితే కాదంటారు. కాయితం సేత్తో పట్టుకెళ్తే ఏదో దారి సూపిస్తారు. మా షాపులో అంతే. ఇన్నేళ్ళూ అలగే ఎంతమందికో కలిపినాను. జంక్షన్లో బండి మారినా టికెట్టు అదే సెల్లుతాది గదా. సదువూ అంతే అనుకున్నాను.”

“అనుకున్నారు.”

“ఊరుకోవే ఆలిస్. అన్నయ్యకి మాత్రం తెలుసేటి? ఆయన కొడుక్కీ అదే గతి పట్టింది కదా. ఇద్దరి ఏడాదీ గంగలో కలిసింది. గోవిందేటంటన్నాడు అన్నయ్యా?”

“ఆడా.”

“ఏడుస్తన్నాడా?”

“లేదు.”

“గోవిందు టీసీ ఎప్పుడు తీసినాడు మావయ్యా?”

“తీస్తాడు.”

“తీస్తాడా, తీసినాడా?”

“సూసుకుని తీద్దామని.”

“తీసినాడా లేదా?”

“తియ్యలేదు.”

“తీరిక లేకనా?”

“నానే ఒద్దన్నాను. ఇక్కడ ఖాయమయ్యేదాకా తియ్యొద్దని ఉత్తరం రాయించినాను.”

“నన్ను మాత్రం ముందు తీసేయమన్నారు.”

“అన్నాను.”

“ఆ మాటా ఈ మాటా ఒకే రోజా?”

“ఒకే రోజు. పొద్దున్న నీకు సెప్పినాను. సాయంత్రం ఆడికి రాయించినాను.”

“అమ్మా, విన్నావా? ఏదైనా అను.”

“ఏటనమంటావే.”

“తిట్టు సుజాతమ్మా. సెప్పుచ్చుకు కొట్టినా పడతాను. అలగ గోడకేసి సూడకు.”

“గోడ మీద మీ బావ ఫొటో తీసిన మచ్చ ఉంది. అదే చూస్తన్నాను. ఆయనుంటే ఆయనే కాలేజీకెళ్ళి నాలుగు మాటలు అడిగొచ్చేవాడు. నిన్ను నమ్ముకునే పనుండేది కాదు.”

“నిజమే.”

“నిజమేననకు. ఒళ్ళు మండుతాది.”

“గుమాస్తా ఇంకో మాట సెప్పినాడు. నవ్వడం అయినాక.”

“ఇంకా ఏం దాచిపెట్టినారు?”

“దాసలేదు తల్లీ. ముందు అది సెప్పాక ఇది సెప్దామని. నీ సీటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదంట. రేపు మద్దేన్నం లోపల గార్డియన్ని ఎంటబెట్టుకుని టీసీ తిరిగిచ్చేస్తే, రెండో ఏడులో కూకోనిస్తారంట. మద్దేన్నం దాటితే ఇంకెవరికో ఇచ్చేస్తారు.”

“గార్డియనంటే నేను చాలనా అన్నయ్యా?”

“ఊళ్ళో ఉండేవోళ్ళు కావాలంట. ఆడపిల్ల కదా, ఎవరింట్లో ఉంటాదో రాయాలంట.”

“నేను రేపు బండెక్కాలి. ఈ క్వార్టరు ఆ నర్సుకి అప్పజెప్పాలి. దీన్నెవరింట్లో పెట్టను?”

“మా ఇల్లుంది.”

“మీ ఇల్లా? మీ ఆవిడ సింహాచలమ్మ పక్కింట్లో ఉండి కూడా మా మంచినీళ్ళు ముట్టలేదు. నా పిల్లకి కంచంలో వడ్డిస్తాదా?”

“నాను సెప్పుకుంటాను.”

“ఏటని?”

“నాను సేసింది సేసినట్టు సెప్తాను. అదిన్నాక కాదనదు.”

“నేనుండనమ్మా. ఈయన పేరు గార్డియనని రాయించుకోను.”

“ఏడాది పోద్దే.”

“పోనీ.”

“నైట్ డ్యూటీలు చేసి చదివించినానే. పోనీ అనకు.”

“సరే. అయితే ఈయన కాలేజీలో అందరి ముందూ చెప్పాలి. నా టీసీ ఎవరు తీయించినారో, వాళ్ళబ్బాయిది ఎవరు తియ్యనివ్వలేదో. రెండూ చెప్పాలి.”

“సెప్తాను.”

“నవ్విన వాళ్ళ ముందే.”

“ఆళ్ళ ముందే సెప్తాను తల్లీ.”

“అన్నయ్యా, గోవిందు అక్కడ ఎవరింట్లో ఉంటన్నాడు?”

“మా బావమరిది దగ్గర. ఆడు ఈ నెలతో రిటైరు. ఇల్లొదిలేసి ఊరెల్లిపోతాడు. అందుకే కదా ఈణ్ణి ఇక్కడికి తెద్దామనుకున్నాను.”

“మరిప్పుడేటి చేస్తాడు?”

“టేషన్లో పడుకునైనా సదువుతాడు.”

“నాకక్కడ ఒక గదీ వసారా ఇస్తారంట. గదిలో అమ్మా నేనూ ఉంటాం. ఆణ్ణి వసారాలో ఉండమను.”

“ఒద్దు సుజాతమ్మా.”

“నేను వండింది తింటే తింటాడు. లేకపోతే పొయ్యి ఉంది, వండుకుంటాడు.”

“నాను ఇంత సేసినాక నువ్వు ఇలగంటే, మొహమెక్కడ పెట్టుకోను?”

“ఎక్కడైనా పెట్టుకో. నీమీద జాలితో అనడం లేదు. నా పిల్ల నీ ఇంట్లో ఉంటాది. నీ కొడుకు నా కళ్ళముందుంటే, దానికి నీ ఇంట్లో ఏ లోటూ రాదు. అర్థమయిందా?”

“అయింది.”

“అయితే వెళ్ళి మీ ఆవిడకి చెప్పుకో. ఆలిస్, నీ పుస్తకాలు పెట్టెలోంచి తీసెయ్.”

మర్నాడు షాపు సైరను కూసినా ఎర్రయ్య పనిలోకి వెళ్ళలేదు. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర, అందరికంటే ముందు నిలబడ్డాడు. వెనక ఆలిస్. నిన్న నవ్విన బెంగాలీ గుమాస్తా అతన్ని చూడగానే పక్కోణ్ణి కేకేశాడు.

“ఏయ్ ఘోష్, ఇటు రా. మ్యూచువల్ దాదా మళ్ళీ వచ్చాడు.”

“వచ్చినాను బాబూ.”

“ఈసారి ఎవర్ని మారుస్తావు? మా ప్రిన్సిపాల్‌ని మార్చిపెడతావా?”

“నవ్వండి బాబూ. నవ్వినాక ఇనండి. ఈ పిల్ల టీసీ నా మాట మీద తీసింది. మిమ్మల్ని అడిగొస్తానంటే నానే ఆపినాను. మా వాడిది మాత్రం తియ్యనివ్వలేదు. నా పిల్లడు గట్టున ఉండాల, పరాయి పిల్ల ముందు దిగి లోతు సూడాల అనుకున్నాను. తప్పు నాది.”

“ఇదంతా మాకెందుకు చెబుతున్నావు?”

“మీ ముందే సెప్పాలంది.”

“సరే, సరే. తల ఎత్తి మాట్లాడు, వినబడటం లేదు. టీసీ తెచ్చారా?”

“ఇదిగో సార్, నా దగ్గరుంది.”

“ఊళ్ళో గార్డియన్ ఎవరమ్మా?”

“నానే బాబూ. ఎర్రయ్య. వ్యాగన్ షాపు ఫిట్టరు.”

“నువ్వు ఎర్రయ్యవి, ఈ అమ్మాయి ఆలిస్. ఏమవుతుంది నీకు?”

“మా వాడు ఈళ్ళమ్మ ఇంట్లో ఉంటాడు. ఈ పిల్ల మా ఇంట్లో ఉంటాది, మా ఆవిడా ఒప్పుకుంది. దాన్నేటంటారో నాకు తెలవదు. మీరు సదువుకున్నోళ్ళు, మీరే రాయండి.”

“అలా కుదరదు. ఏదో ఒక వరస చెప్పాలి. చెప్పు, ఏమవుతుంది?”

“ఏటవుతాదని సెప్పను బాబూ. ఆ మాట అనడానికి నాకు నోరు రావడం లేదు.”

“మావయ్య అని రాయండి సార్. టీసీ తీయించిన మావయ్య.”